మనవాళ్లు చేస్తే తెలివి, వాళ్లు చేస్తే బుద్ధి

గేలిక్ ఫుట్‌బాల్‌లో మొండి ఆట, మోసపు ఆట ఐర్లండ్ ఉత్తరాన పుడతాయని నేను చాలా ఏళ్లు నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, నలుగురిలో అన్నాను. అక్కడి టిరోన్ కౌంటీలో పుట్టి పెరిగిన మనిషి ఎదురుగా కూర్చుని ఉండగానే అన్నాను. నాది అనంతపురం జిల్లా. ఉద్యోగం నన్ను డబ్లిన్ తీసుకొచ్చింది. ఈ ఆట నేను చిన్నప్పుడు ఆడింది కాదు, మా నాన్న చూసింది కాదు. అలాంటివాణ్ణి ఒక ప్రాంతం మొత్తానికి గుణం అంటగట్టాను. ఆ మూర్ఖత్వం నాలోకి ఎలా వచ్చిందో, ఎంత కష్టం మీద పోయిందో ఇప్పుడు రాసుకోవాలనిపించింది.

ఆట తెలియనివారి కోసం కాస్త చెప్పాలి. అటు పదిహేనుమంది, ఇటు పదిహేనుమంది. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు, పిడికిలితో కొట్టి తోటివాడికి అందించవచ్చు. అడ్డకర్ర పైనుంచి పోతే సాధారణంగా ఒక పాయింటు. కిందినుంచి వలలో పడితే గోలు, దానికి మూడు పాయింట్లు. ఆటగాళ్లకు జీతాలు లేవు. ఆదివారం క్రోక్ పార్క్ స్టేడియంలో ఎనభై వేలమంది ముందు ఆడినవాడు సోమవారం పొద్దున బళ్లో పాఠం చెబుతుంటాడు, లేదంటే బ్యాంకులో కూర్చుని ఉంటాడు. ఆటగాళ్లను కొనడం, అమ్మడం లేదు. ఎక్కడ పుట్టి పెరిగితే దాదాపుగా ఆ కౌంటీకే ఆడతారు. కాబట్టి ఇక్కడ కౌంటీని ఒక మాట అంటే ఆ మనిషి ఊరిని, ఇంటిని, తాతముత్తాతలను అన్నట్టే.

నాకు కౌంటీ పుట్టుకతో రాలేదు, నేనే ఎంచుకున్నాను. 2011 సెప్టెంబరులో డబ్లిన్, కెర్రీల మధ్య ఆల్ ఐర్లండ్ ఫైనల్. చివరి క్షణాల్లో గోల్‌కీపర్ స్టీఫెన్ క్లక్స్టన్ తన గోలు వదిలి మైదానం పొడవునా నడుచుకుంటూ వచ్చి ఫ్రీ కిక్ తన్నాడు. డబ్లిన్ 1-12, కెర్రీ 1-11. ఒక గోలు, పన్నెండు పాయింట్లు అని చదవాలి. 1995 తర్వాత డబ్లిన్‌కు ఆల్ ఐర్లండ్ విజేతకిచ్చే సామ్ మగ్వైర్ కప్పు రావడం అదే మొదలు. ఆ రాత్రి వీధిలో ముక్కూముఖం తెలియనివాళ్లు నన్ను కౌగిలించుకున్నారు. పరాయి ఊళ్లో ఒంటరిగా బతుకుతున్నవాడికి అదెంత పెద్ద విషయమో వలస వచ్చినవాళ్లకు చెప్పక్కర్లేదు. లేతనీలం జెర్సీ కొనుక్కున్నాను. ఆ జెర్సీతో పాటు డబ్లిన్ వాళ్ల ప్రేమలనూ పగలనూ కూడా తెచ్చుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. డబ్లిన్‌లో పుట్టినవాడు మ్యాచ్ అయిపోగానే మర్చిపోయే మాటలను నేను నెలల తరబడి మోశాను.

2013 ఆగస్టు 3న టిరోన్, మోనహన్ జట్లు క్రోక్ పార్క్‌లో క్వార్టర్ ఫైనల్ ఆడాయి. మోనహన్ ఆటగాడు కోనర్ మెక్‌మానస్ బంతితో గోలువైపు దూసుకుపోతున్నాడు. ముందు అడ్డెవరూ లేరు. టిరోన్ ఆటగాడు షాన్ కావనా వెనకనుంచి అతన్ని రెండు చేతులతో చుట్టేసి కింద పడేశాడు. బంతి కోసం ప్రయత్నించలేదు, మనిషినే పడగొట్టాడు. అలా లెక్కేసుకుని, తెలిసి చేసే ఫౌల్‌ను ఇక్కడ సినికల్ ఫౌల్ అంటారు. కావనాకు పసుపు కార్డు చూపించారు. ఆట కొనసాగింది, టిరోన్ 0-14, 0-12తో గెలిచింది. ఆ సాయంత్రం ఆర్‌టీఈ టీవీలో విశ్లేషకుడు జో బ్రోలీ కావనాను తీవ్రంగా దుయ్యబట్టాడు. ఆటగాడిగానే కాదు, మనిషిగా కూడా అతనికి విలువ లేదన్నంత దూరం వెళ్లాడు. ఆ మాటలు దేశమంతా మారుమోగాయి.

అది చూసి నేను పట్టుకున్నది ఒక్కటే: "టిరోన్ వాళ్లంతే. ఉత్తరాది వాళ్లంతే." ఆఫీసులో టీ తాగుతూ అన్నాను, ఇంట్లో అన్నాను, తెలుగు మిత్రుల దగ్గర ఆట గురించి బాగా తెలిసినవాడిలా అన్నాను.

కళ్లెదుట ఉన్నవి ఒక్కటీ చూడలేదు. కావనా పడగొట్టిన మెక్‌మానస్ కూడా ఉత్తర ప్రాంతమైన అల్స్టర్ వాడే. మోనహన్ ఆ ఏడాది అల్స్టర్ ఛాంపియన్. దుయ్యబట్టిన బ్రోలీ ఎవరు? టిరోన్‌కు పక్కనే ఉన్న డెర్రీ మనిషి, 1993లో డెర్రీకి ఆల్ ఐర్లండ్ కప్పు తెచ్చిన జట్టులో ఆటగాడు. ఫౌల్ చేసినవాడూ ఉత్తరాది వాడే, దెబ్బ తిన్నవాడూ ఉత్తరాది వాడే, ఆ ఆటను అందరికంటే గట్టిగా అసహ్యించుకున్నవాడూ ఉత్తరాది వాడే. ఇంకా "ఉత్తరాది బుద్ధి" ఎక్కడుంది? ఈ ప్రశ్న నాకు నేను వేసుకోవడానికి ఏళ్లు పట్టింది.

అసలు ఆ ఫౌల్ వెనక ఉన్నది కూడిక, తీసివేత. గోలు పడితే మూడు పాయింట్లు. పడగొడితే ఎదుటివాళ్లకు దక్కేది ఫ్రీ కిక్, దాంతో సాధారణంగా వచ్చేది ఒక్క పాయింటు. ఫౌల్ చేసినవాడు మైదానంలోనే ఉంటాడు. రెండు పాయింట్లు మిగిలినట్టే. ఆ మ్యాచ్‌లో గెలుపోటముల తేడా ఎంత? సరిగ్గా రెండు పాయింట్లు. నిబంధన అంత చవకగా వదిలేస్తుంటే ఏ కౌంటీ ఆటగాడైనా, కెర్రీ అయినా కార్క్ అయినా డబ్లిన్ అయినా, ఆ క్షణంలో చేతులు చాచే అవకాశం ఉంది. ఈ సంగతి గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌కు తెలియక కాదు. ఆ మ్యాచ్‌కు ముందే, 2013 మార్చిలో వాళ్ల వార్షిక సమావేశం, సినికల్ ఫౌల్ చేసినవాణ్ణి మైదానం నుంచి పంపే బ్లాక్ కార్డును ఆమోదించింది. అది 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే పెద్దలు అప్పటికే జబ్బు అన్ని కౌంటీలలోనూ ఉందని ఒప్పుకున్నారు. నేను మాత్రం ఒక్క కౌంటీ మీదే వేలు పెట్టుకుని కూర్చున్నాను.

నా నోట్లో మరో పాత మాట ఉండేది, అది నాది కూడా కాదు. 2003 సెమీఫైనల్‌లో టిరోన్ ఆటగాళ్లు కెర్రీ వాడు బంతి పట్టుకుంటే చాలు ముగ్గురు నలుగురు చుట్టుముట్టి ఊపిరాడనివ్వలేదు. 0-13, 0-6. టీవీలో పాట్ స్పిలేన్ ఆ ఆటను చూస్తే వాంతి వస్తుందన్న అర్థంలో ఒక మాట అన్నాడు. స్పిలేన్ కెర్రీ తరఫున ఎనిమిది ఆల్ ఐర్లండ్ పతకాలు గెలిచిన గొప్ప ఆటగాడు. తన కౌంటీ ఓడిన రోజు బాధలో అన్నాడనుకుందాం. 2003లో నేను ఐర్లండ్‌లోనే లేను, ఆ మ్యాచ్ చూడలేదు. అయినా ఆ మాటను నా అభిప్రాయంలా వాడుకున్నాను. తర్వాత ఆ మ్యాచ్ పూర్తిగా చూశాను. అందులో ఉన్నది అలుపెరగని పరుగు, ఒకరి కోసం ఒకరు పడే కష్టం. ఆ ఏడాదే టిరోన్ మొట్టమొదటిసారి సామ్ మగ్వైర్ గెలిచింది. నూరేళ్లు దాటిన పోటీలో తొలిసారి గెలిచిన జనం సంతోషం మీద ఆ మాట ఎంత బరువుగా పడి ఉంటుందో నేను ఆలోచించలేదు.

ఉత్తరం గురించి నాకు తెలిసింది ఎంతని? అల్స్టర్‌లో తొమ్మిది కౌంటీలున్నాయని, విభజనలో ఆరు బ్రిటన్ కింద ఉండిపోయాయని, మోనహన్, కావన్, డోనిగాల్ ఇటు వచ్చాయని పటంలో చూశాను, అంతే. క్రోక్ పార్క్‌లో హోగన్ స్టాండ్‌లో కూర్చున్నాను. 1920 నవంబరు 21న అదే మైదానంలో డబ్లిన్, టిప్పరేరీ మ్యాచ్ జరుగుతుండగా బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపితే పద్నాలుగుమంది చనిపోయారనీ, వాళ్లలో ఉన్న ఆటగాడు మైకేల్ హోగన్ పేరే ఆ స్టాండ్‌కు పెట్టారనీ చదివాను. అయితే నా దృష్టిలో అది గడిచిపోయిన చరిత్ర. ఉత్తరాన అది నిన్నమొన్నటిదాకా నడిచింది. ఆర్మా కౌంటీలో క్రాస్‌మగ్లెన్ క్లబ్బు మైదానం పక్కనే దశాబ్దాలపాటు సైనిక స్థావరం ఉంది, క్లబ్బు నేలలో కొంత సైన్యం తీసుకుంది. 1988 ఫిబ్రవరిలో టిరోన్‌లోని ఆక్నక్లాయ్ దగ్గర ఏడన్ మెకనెస్పీ అనే 23 ఏళ్ల కుర్రాడు సైనిక తనిఖీ కేంద్రం దాటి గేలిక్ మైదానానికి నడిచిపోతూ సైనికుడి తూటాకు చనిపోయాడు. ఆటకు వెళ్లడమే ప్రాణం మీదికి తెచ్చుకోవడమైన చోట పెరిగినవాళ్లు ఆటను మనకంటే గట్టిగా పట్టుకుంటారు. చరిత్ర చెప్పి ఫౌల్‌ను సమర్థించడం నా ఉద్దేశం కాదు. ఏమీ తెలియకుండా వాళ్ల గుణం గురించి తీర్పు చెప్పానన్నదే నా బాధ.

2017 సెప్టెంబరు 17. డబ్లిన్, మేయో ఫైనల్. నేను చూసిన మ్యాచ్‌లలో ఇంతకు మించింది లేదు. ఇంజురీ టైమ్‌లో స్కోరు సమం. డబ్లిన్‌కు ఫ్రీ కిక్ దొరికింది. డీన్ రాక్ తన్నబోతుంటే మేయో ఆటగాడు లీ కీగన్ తన ఒంటి మీది జీపీఎస్ పరికరాన్ని తీసి అతని వైపు విసిరాడు. రాక్ చెదరలేదు. బంతి కర్రల మధ్యనుంచి పోయింది. 1-17, 1-16. ఇక మేయో గోల్‌కీపర్ డేవిడ్ క్లార్క్ బంతిని తిరిగి ఆటలోకి తన్నాలి. మేయోకు మిగిలిన ఆఖరి అవకాశం అది. అప్పుడు డబ్లిన్ ఆటగాళ్లు, నా డబ్లిన్ ఆటగాళ్లు, దగ్గర్లో ఉన్న మేయో వాళ్లను పట్టుకుని కింద పడేశారు, లేవనివ్వకుండా అదిమిపెట్టారు. క్లార్క్‌కు దగ్గర్లో బంతి ఇవ్వడానికి మనిషి లేకుండా చేశారు. కీరన్ కిల్కెనీకి బ్లాక్ కార్డు వచ్చింది. ఆట ముగిసే క్షణంలో బ్లాక్ కార్డు వస్తే ఎంత, రాకపోతే ఎంత? డబ్లిన్ గెలిచింది.

నేను ఎగిరి గంతేశాను. ఆ పడగొట్టడాలు నాకు కనిపించలేదని చెప్పుకోలేను. స్పష్టంగా చూశాను, చూసి మెచ్చుకున్నాను. మర్నాడు ఆఫీసులో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పింది కీగన్ విసిరిన పరికరం గురించే.

మా ఆఫీసులో టిరోన్‌లోని ఓమా దగ్గరి పల్లెటూరి మనిషి ఒకాయన ఉండేవాడు. నాకంటే పెద్దవాడు, తక్కువ మాట్లాడతాడు. నేను డబ్లిన్‌కు వచ్చిన కొత్తలో అద్దె ఇల్లు దొరక్క తిరుగుతుంటే తనకు తెలిసినవాళ్లతో మాట్లాడి ఇప్పించింది ఆయనే. 2013లో నా మాటలన్నీ విన్నాడు, ఒక్కటీ తిరిగి అనలేదు. ఆ రోజు మాత్రం అడిగాడు.

"చివర్లో మీవాళ్లు చేసిందేమిటి?"

"ఆటను చేతుల్లో పెట్టుకోవడం. గెలుపు తెలిసిన జట్టు అలాగే చేస్తుంది" అన్నాను.

"కావనా చేసింది?"

నేను చెప్పబోయి ఆగిపోయాను. నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే, అది ఆయన పుట్టిన ఊరు. ఆ జవాబు ఆయన ముఖంలోకి చూస్తూ పైకి చెప్పలేకపోయాను. ఆయన కాసేపు చూసి, "నాకు చిన్నతనం నుంచీ అలవాటేలే. నువ్వు కూడా అంటావనుకోలేదు" అని లేచి వెళ్లిపోయాడు.

ఆ "నువ్వు కూడా" ఎందుకు అన్నాడో నాకు అప్పుడు అర్థం కాలేదు.

తర్వాత ఎప్పుడో, తెలుగువాళ్లం ఒకరింట్లో భోజనాలకు కలిశాం. హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన అబ్బాయి, నా ఊరి పేరు విని నవ్వుతూ అన్నాడు: "సీమవారా అన్నా! అమ్మో, మీతో జాగ్రత్తగా ఉండాలి. ఇంట్లో బాంబులేమన్నా ఉన్నాయా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, పాతికేళ్లుగా అలాగే నవ్వుతున్నాను. హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు హాస్టల్లో విన్నాను, తొలి ఉద్యోగంలో విన్నాను, పెళ్లి సంబంధాల దగ్గర మా అక్క గురించి అడిగినవాళ్ల నోటా విన్నాను. మా ఇంట్లో కత్తి అంటే కూరగాయలు తరిగేదే. మా నాన్న జీవితమంతా వేరుశనగ చేలో వాన కోసం ఎదురుచూశాడు. మా సీమ గురించి సినిమాలు చెప్పింది చూసి మమ్మల్ని అలా అనుకుంటారు. కరువు చూసినవాళ్లు తక్కువ, సుమోలు చూసినవాళ్లు ఎక్కువ.

ఆ రాత్రి ఇంటికి వచ్చాక నిద్ర పట్టలేదు. నా మీద పడి నన్ను అంతగా గాయపరిచిన రాయినే ఏరుకుని నేను ఇంకొకరి మీద వేశాను. ఓమా ఆయనకు నేను సీమ సంగతి ఒకప్పుడు చెప్పాను. నన్ను ఎలా అనేవాళ్లో చెప్పుకుని బాధపడ్డాను. ఆయన అది గుర్తు పెట్టుకున్నాడు, నేను మర్చిపోయాను.

ఇంత తెలిశాక బాగుపడ్డానని రాస్తే అబద్ధం అవుతుంది. 2021లో టిరోన్ జట్టులో కోవిడ్ వ్యాపించింది. కెర్రీతో సెమీఫైనల్ ఆగస్టు 15 నుంచి 21కి మారింది. జట్టు దించలేమని టిరోన్ ప్రకటించింది. కెర్రీ ఒప్పుకోవడంతో మ్యాచ్ మళ్లీ 28కి వెళ్లింది. ఆ రోజు టిరోన్ అదనపు సమయంలో 3-14, 0-22తో, ఒక్క పాయింటు తేడాతో గెలిచింది. నాలో మొదట లేచిన ఆలోచన: "నాటకం ఆడి సమయం సంపాదించారు." అసలు జబ్బు పడ్డ కుర్రాళ్లు ఎలా ఉన్నారన్న ఆలోచన రాలేదు. అదే పని డబ్లిన్ చేసి ఉంటే? ఆటగాళ్ల ఆరోగ్యం ముఖ్యమని నేనే ముందు వాదించేవాణ్ణి. ఈసారి నోరు మూసుకున్నాను గానీ మనసు మూసుకోలేదు. ఒకసారి పడిన ముద్ర మనిషిలో ఎంత లోతుకు దిగుతుందో నాకు అప్పుడు తెలిసింది. సిగ్గుపడ్డాను.

ప్రాంతాల పక్షపాతం మీద అభిమానుల వాదనల్లో నిజాలు లేకపోలేదు. 2022 జనగణనలో డబ్లిన్ కౌంటీలో సుమారు 14.5 లక్షలమంది, లీట్రిమ్‌లో 35 వేలమంది. రెండు జట్లూ చాలా ఏళ్లు ఒకే కప్పు కోసం ఆడాయి. ఆట అభివృద్ధికి అసోసియేషన్ ఇచ్చే నిధులు చాలా ఏళ్లు డబ్లిన్‌కే ఎక్కువగా వెళ్లాయి. పెద్ద మ్యాచ్‌లు జరిగే క్రోక్ పార్క్ కూడా డబ్లిన్‌లోనే ఉంది. 2015 నుంచి 2020 దాకా వరుసగా ఆరు కప్పులు గెలిచిన నా జట్టు గొప్పదే, కానీ ఆ గొప్పతనం కింద ఈ నేల కూడా ఉందని ఒప్పుకోకుండా వాదించడం దొంగ వాదన. టీవీ చర్చల్లో తమను వేరే తూకంతో తూస్తారన్న ఉత్తరాది వాళ్ల ఫిర్యాదును నేను ఏడుపు అనేవాణ్ణి. 2013లో ఒక్క ఫౌల్ మీద లేచిన రగడ, 2017లో అంతమందిని ఒకేసారి అదిమిపెట్టినప్పుడు అంత పెద్దగా లేవలేదని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. విమర్శ వచ్చింది, నిజమే. కానీ ఎవరూ డబ్లిన్ ఆటగాణ్ణి మనిషిగా కొట్టిపారేయలేదు.

జబ్బుకు మందు కౌంటీలను తిట్టడంలో దొరకలేదు, నిబంధనల్లో దొరికింది. మొదట్లో బ్లాక్ కార్డు వస్తే ఆ ఆటగాడి బదులు ఇంకొకరు దిగేవారు, జట్టుకు పెద్ద నష్టం ఉండేది కాదు. 2020 నుంచి పది నిమిషాలు ఒక మనిషి తక్కువతో ఆడాలి. 2021లో గోలు అవకాశాన్ని తెలిసి చెడగొడితే పెనాల్టీ ఇచ్చే పద్ధతి వచ్చింది. 2025లో ఫౌల్ జరిగిన వెంటనే ఆగకుండా బంతితో సాగిపోయే వీలు, బంతి తిరిగి ఇవ్వకుండా ఆలస్యం చేస్తే 50 మీటర్లు ముందుకు జరిపే శిక్ష వచ్చాయి. ఆ మార్పులు రూపొందించిన కమిటీకి నాయకుడు జిమ్ గావిన్, 2017లో డబ్లిన్ జట్టు మేనేజర్. ఆ రోజు గెలిచిన పక్షాన నిలబడ్డ మనిషే తర్వాత ఆటను శుభ్రం చేసే పని నెత్తిన వేసుకున్నాడు. అందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

ఓమా ఆయన ఉద్యోగం మానేసి సొంతూరు వెళ్లిపోయాడు. వెళ్లేముందు ఆయన్ను కలిసి క్షమించమని అడిగాను. ఏ మాటకు క్షమించాలో కూడా చెప్పాను, ఒక్కటీ దాచలేదు. ఆయన చేయి కలిపి, ఛాంపియన్‌షిప్ రోజుల్లో ఓమా రమ్మన్నాడు. వెళ్లాను కూడా. నీలం జెర్సీతోనే వెళ్లాను, వాళ్లింట్లో భోజనం పెట్టారు.

నేను ఇప్పటికీ డబ్లిన్ మనిషినే. అందుకే ఈ తీర్పు చెప్పాల్సింది నేనే. 2013లో షాన్ కావనా చేసింది తప్పు. 2017లో డబ్లిన్ చేసింది అంతే తప్పు, ఎందుకంటే మేయోకు ఆ చివరి బంతి ఆడే హక్కు ఉంది. ఇక్కడి క్లబ్బుల్లో మన తెలుగు పిల్లలు ఇప్పుడు ఈ ఆట ఆడుతున్నారు. వాళ్లకు ఆ ఫైనల్ చూపించే తల్లిదండ్రులు దయచేసి చివరి నిమిషం దాటవేయకండి. మేయో 1951లో గెలిచింది. ఆ తర్వాత 2025 దాకా వాళ్లకు సామ్ మగ్వైర్ దక్కలేదు.